రొయ్యకున్న పరీక్ష ఊరచెరువుకు లేదా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగారు. క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి ప్రతి సంవత్సరం పెద్దలు రాస్తూనే ఉన్నారు. అందుకని మేము ఈసారి మన తణుకు చుట్టుపక్కల ఊళ్ళకి పనికొచ్చే ఒక శాస్త్ర విషయం తీసుకున్నాం. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు. మనం కాళ్ళు కడుక్కునే చెరువు సంగతి. దీని మీద మాకొక అభిప్రాయం ఉంది. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చివరి దాకా చదవమని కోరుతున్నాం.

పీసీఆర్ అనే మాట చాలా రాష్ట్రాల్లో జనానికి 2020లో కరోనా వచ్చాకే తెలిసింది. మన పశ్చిమగోదావరిలో రొయ్యల రైతుకి, ఆ గట్ల మీద కూలికెళ్ళే మన ఇళ్ళల్లో వాళ్ళకి కూడా ఆ మాట అంతకు ముందే తెలుసు. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి కోస్తా రొయ్యల సాగును చావుదెబ్బ కొట్టింది. ఆ తర్వాత పిల్లను చెరువులో వదిలేముందు పీసీఆర్ చేయించడం మెల్లమెల్లగా అలవాటయింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక అది ఇంకా పెరిగింది. భీమవరం లాంటి చోట్ల ల్యాబులు వెలిశాయి. రొయ్యపిల్లల్ని నూరి, వాటిలోంచి డీఎన్ఏ తీసి, వైరస్ ఉందో లేదో గంటల్లో చెప్పేస్తున్నారు.

అంటే డీఎన్ఏ చదివే యంత్రం మన జిల్లాకి కొత్త కాదు. ఐతే అది ఎవరి కోసం పనిచేస్తోంది? ఎగుమతయ్యే రొయ్య కోసం. ఊరందరిదీ అయిన ఊరచెరువులో ఏం బతికుందో, ఏం చచ్చిపోయిందో చూడడానికి ఆ యంత్రాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగాలి అనేదే మా వాదన. అడిగేవాళ్ళు హాస్టల్ పిల్లలే ఎందుకు కావాలో కూడా చెబుతాం.

చెరువు అంటే రెండు అర్థాలు

మన డెల్టాలో ఇప్పుడు చెరువు అంటే రెండు అర్థాలున్నాయి. ఒకటి చేపల చెరువు, రొయ్యల చెరువు. దానికి యజమాని ఉంటాడు, లీజుదారుడు ఉంటాడు, మేత లెక్క ఉంటుంది, కాపలావాడు ఉంటాడు. రెండోది ఊరచెరువు, మంచినీళ్ళ చెరువు. 1847-52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక కాలువలు వచ్చి, ఆ కాలువ నీళ్ళతో నిండే చెరువులు ఇవి. వేసవిలో కాలువలు కట్టేసేముందు వీటిని నింపుకుని, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఊరంతా వాటి మీద బతికేది. ఇప్పటికీ చాలా ఊళ్ళలో కుళాయి వెనకాల ఉన్నది ఆ చెరువే.

మొదటి రకం చెరువులో ఏముందో అందరికీ తెలుసు. కట్ల, శీలావతి, రూప్‌చంద్, వెనామీ. ఎకరానికి ఎన్ని వేశారో కూడా తెలుసు. రెండో రకం చెరువులో ఏముందో కాగితం మీద ఎక్కడా లేదు. మన తాతలకి నోటికి తెలుసు. కొర్రమేను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, జెల్ల, పరిగ, వాలుగ, బొమ్మిడాయి. ఏది గట్టు బొరియల్లో ఉంటుంది, ఏది బురదలో ఉంటుంది, ఏది తొలకరి వానకి బోదెల్లోకి ఎదురెక్కుతుంది అన్నీ చెప్పేవాళ్ళు. ఈ చేపలకి మేత ఖర్చు లేదు, పెట్టుబడి లేదు. కూలి దొరకని రోజున గాలమో, మావో పట్టుకెళ్తే కూర దొరికేది. మనలో చాలామంది ఎముకల్లో ఉన్న బలం ఆ చేపలదే.

ఈ చేపల్లో ఎన్ని మిగిలున్నాయి? గుర్రపు డెక్క కమ్మేసిన చెరువులో వలేసి చూడడం కష్టం. వేలం పాడుకున్న చెరువులో వలెయ్యనివ్వరు. రాత్రిపూట తిరిగే మార్పు, బురదలో దూరే బొమ్మిడాయి పగలు వలేసినా పడవు. మనం చూడలేదు కాబట్టి లేదనుకుంటాం. ఇక్కడే కొత్త పద్ధతి అక్కరకొస్తుంది.

నీళ్ళలో మిగిలిన గుర్తు

చేప ఈదుతుంటే దాని జిగురు నీళ్ళలో కలుస్తుంది. పొలుసు రాలుతుంది. మలం, మూత్రం కలుస్తాయి. కప్ప గుడ్లు పెడుతుంది, చర్మం విడుస్తుంది. తాబేలు, నీటికుక్క, నీళ్ళు తాగడానికి వచ్చే జంతువు కూడా అంతో ఇంతో వదిలే వెళ్తాయి. వీటన్నిటిలో ఆ జీవి డీఎన్ఏ ఉంటుంది. ఇలా పరిసరాల్లో తేలుతూ దొరికే డీఎన్ఏని పర్యావరణ డీఎన్ఏ అనీ, పొట్టిగా ఇ-డీఎన్ఏ అనీ అంటున్నారు.

పని ఇలా జరుగుతుంది. చెరువు చుట్టూ అనేకచోట్ల నుంచి కొంచెం కొంచెం నీళ్ళు తీసి కలుపుతారు. ఆ నీటిని సన్నటి రంధ్రాలున్న వడపోత కాగితం గుండా పంపితే డీఎన్ఏ ఉన్న నలుసులు దాని మీద నిలబడతాయి. వడపోత లేనిచోట నీటిని ఆల్కహాల్‌లో కలిపి పాడవకుండా పంపుతారు. ల్యాబులో డీఎన్ఏని విడదీసి, పీసీఆర్‌తో కోట్ల రెట్లు పెంచుతారు. ఒక్క జీవి కోసమే వెతకాలంటే దానికి సరిపోయే ప్రైమర్ వాడతారు. ప్రైమర్ అంటే ఆ జీవి డీఎన్ఏకి మాత్రమే అతుక్కునే చిన్న ముక్క. రొయ్యల ల్యాబులో వైరస్‌కి చేసేది ఇదే. ఏమేమి ఉన్నాయో అన్నీ తెలియాలంటే, చేపలన్నిటికీ అతుక్కునే ఉమ్మడి ప్రైమర్ వాడి, వచ్చిన ముక్కలన్నిటి అక్షరాల వరస చదివి, ముందే తయారుచేసిన జాబితాతో పోల్చి పేర్లు పెడతారు. చేపలకు అటువంటి ఉమ్మడి ప్రైమర్లను జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. ప్రపంచమంతా వాడుతున్నారు.

మంచినీటి చెరువుల్లో పెద్ద జీవుల్ని ఈ పద్ధతితో కనిపెట్టవచ్చని 2008లో ఫ్రాన్స్‌లో రుజువు చేశారు. అక్కడ అమెరికా నుంచి వచ్చి పడ్డ పెద్ద కప్ప ఒకటి స్థానిక జీవుల్ని మింగేస్తోంది. ఒక చెరువులో కొద్ది కప్పలే ఉన్నా నీళ్ళను బట్టి వాటి జాడ చెప్పగలిగారు. ఇంగ్లండ్‌లో ఇది ప్రభుత్వ పద్ధతే అయింది. అక్కడ పెద్ద శిఖ ఉన్న న్యూట్ అనే, బల్లిలా కనిపించే ఒక ఉభయచరానికి చట్టరక్షణ ఉంది. అది ఉన్న చెరువును ఇష్టం వచ్చినట్టు పూడ్చడానికి వీల్లేదు. చెరువు చుట్టూ 20 చోట్ల గరిటెతో నీళ్ళు తీసి పంపితే చాలని, ఆ పరీక్షను 2014 నుంచి అధికారికంగా ఒప్పుకుంటున్నారు. ఆ నీళ్ళు తీసిన వాళ్ళలో శిక్షణ పొందిన మామూలు స్వచ్ఛంద కార్యకర్తలు కూడా ఉన్నారు. వాళ్ళు తెచ్చిన నమూనాలు నిపుణులు తెచ్చినవాటికి దాదాపు దీటుగా పనిచేశాయి. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకి వస్తాం.

ఇదంతా తెల్లవాళ్ళ దేశాల సంగతి అనుకోనక్కర్లేదు. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో డాక్టర్ జి. ఉమాపతి గారి బృందం ఒడిశాలోని చిలికా సరస్సులో ఈ పని చేసింది. 2019-21 మధ్య వేర్వేరు కాలాల్లో నీళ్ళు సేకరించి, ఒక్క జంతువునీ పట్టకుండా, బాక్టీరియా మొదలుకుని చేపలు, పక్షులు, జంతువుల దాకా వెయ్యికి పైగా జీవకుటుంబాల జాడలు పట్టుకున్నారు. ఇక్కడ కుటుంబం అంటే దగ్గర సంబంధం ఉన్న జాతుల గుంపు. చిలికా మనకి దూరం కాదు, హౌరా రైలెక్కితే దారిలోనే కనబడుతుంది. హైదరాబాదు ఇంకా దగ్గర. మంచినీటి జీవుల మీద పనిచేసే జూలాజికల్ సర్వే వారి ప్రాంతీయ కేంద్రం కూడా హైదరాబాదులోనే ఉంది. కాబట్టి తెలివి మన దగ్గరే ఉంది. అది ఊరచెరువు దాకా రాలేదు, అంతే.

మన చెరువుని ఏం అడగాలి?

మాకు తోచిన ప్రశ్నలు ఇవి.

ఒకటి. నాటు మార్పు మిగిలిందా? ఆఫ్రికా మార్పు, అంటే జనం క్యాట్‌ఫిష్ అని పిలిచేది, దొరికినదల్లా తింటుంది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. ఐనా దొంగచాటుగా పెంచినవి వరదకీ, గండికీ కాలువల్లోకి పోతే ఊరచెరువులోకి వస్తాయి. కంటితో చూస్తే చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. డీఎన్ఏకి తేడా తెలుస్తుంది.

రెండు. బోదురు కప్పలు ఎన్ని చెరువుల్లో గుడ్లు పెడుతున్నాయి? కప్ప కాళ్ళ ఎగుమతి కోసం ఒకప్పుడు మన వరిచేల నుంచి బస్తాలకొద్దీ కప్పల్ని పట్టారు. చేలల్లో పురుగుని తినే కప్ప పోతే ఏమవుతుందో తెలిసి, 1987లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఆ తర్వాత కప్పలు మన చెరువుల్లో తిరిగి నిలదొక్కుకున్నాయా అంటే, ఊరూరా లెక్క చూసినవాళ్ళు లేరు. తమాషా ఏమిటంటే ఇదే కప్ప అండమాన్ దీవులకు చేరి అక్కడి జీవులకు ముప్పయింది. ఒకచోట కాపాడుకోవాల్సినది ఇంకోచోట అదుపు చెయ్యాల్సినది అవుతోంది. అందుకే ఎక్కడ ఏముందో ఊరూరా తెలియాలి.

మూడు. మెత్తటి డిప్ప తాబేలు ఉందా? ఇది మన చెరువులది, బోదెలది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. కొల్లేరు ప్రాంతం నుంచి వీటిని బస్తాల్లో పెట్టి ఒడిశా వైపు తరలిస్తూ పట్టుబడ్డ కేసులు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

కొల్లేరు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొల్లేరుకి ఇంత చర్చ, ఇన్ని కేసులు, ఇన్ని కమిటీలు ఉన్నాయి. మంచిదే. ఐతే ఆ కొల్లేరుకీ మన గోస్తనీకీ మధ్య ఉన్న వందల చిన్న చెరువులకి ఒక్క కమిటీ కూడా లేదు. పెద్ద సరస్సులో ఆపద వచ్చినప్పుడు చేప, కప్ప, తాబేలు తలదాచుకునేది ఇటువంటి చిన్న చెరువుల్లోనే.

పరీక్ష చెప్పలేనివి

శాస్త్రం చదువుకున్నవాళ్ళం కాబట్టి దాని లోపం కూడా చెప్పాలి. లేకపోతే మేమూ మందులమ్మేవాళ్ళలాగే అవుతాం.

ఇ-డీఎన్ఏ ఎన్ని చేపలున్నాయో సరిగ్గా చెప్పదు. చిన్నదా పెద్దదా, ఆడదా మగదా చెప్పదు. బతికున్నదా నిన్న చచ్చిందా అన్నది కూడా నిక్కచ్చిగా చెప్పదు. నీళ్ళలో కలిసిన డీఎన్ఏ కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో చెడిపోతుంది. ఎండకీ వేడికీ ఇంకా తొందరగా పోతుంది. మన మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాలువ నీళ్ళు బురదగా ఉంటే వడపోత పూడుకుపోతుంది. కుళ్ళిన గుర్రపు డెక్క నుంచి దిగే పదార్థాలు పీసీఆర్‌ని పనిచెయ్యనివ్వవు.

ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్ళో చెరువు మెట్ల మీద చేపలు తోముతారు. ఉప్పుటేటి పండుగప్పని అక్కడ కడిగితే దాని డీఎన్ఏ మంచినీళ్ళ చెరువులో కనబడుతుంది. కాలువ వదిలిన వారం నమూనా తీస్తే పై ఊళ్ళ చేపల జాడ కూడా కలిసొస్తుంది. ఇంగ్లండ్ పుస్తకంలో ఇవి ఉండవు. మెట్ల దగ్గర కాకుండా అవతలి గట్టున నీళ్ళు తియ్యాలనీ, తీసినవాడు ముందురోజు చేపల చెరువులో దిగిన బట్టలతో రాకూడదనీ, ఏ జీవీ లేని శుభ్రమైన నీళ్ళ సీసా ఒకటి కూడా పరీక్షకు పంపి చూసుకోవాలనీ ఎవరు చెప్పాలి? ఆ చెరువు గట్టున పెరిగినవాళ్ళు చెప్పాలి.

జాబితా సంగతి కూడా అంతే. వచ్చిన వరసకి పేరు పెట్టాలంటే మన నాటు చేపల వరసలు ముందే జాబితాలో ఉండాలి. లేని చేప నీళ్ళలో ఉన్నా పేరు రాదు. నాటు మార్పుకీ ఆఫ్రికా మార్పుకీ పుట్టిన సంకరాన్ని కూడా ఇది సులువుగా పట్టలేదు. ఎందుకంటే ఈ పరీక్షల్లో ఎక్కువగా చూసేది తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏని. తండ్రి ఎవరో అందులో తెలియదు.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి. "డీఎన్ఏ పరీక్ష చేయించాం, ఈ చెరువులో ఏమీ లేదు, పూడ్చేసుకోవచ్చు" అని రేపు ఎవరైనా కాగితం పట్టుకొస్తే? జాడ దొరికితే ఉందని చెప్పొచ్చు గానీ, జాడ దొరకనంత మాత్రాన లేదని చెప్పడానికి వీల్లేదు. ఒక్కసారి, ఒక్క సీసా, ఎండాకాలం తీసిన నీళ్ళతో చెరువుకి మరణపత్రం రాయకూడదు. ఈ ముక్క తెలిసిన ఒక్క మనిషి ఊళ్ళో ఉంటే ఆ కాగితం చెల్లదు. ఆ మనిషి మనమే ఎందుకు కాకూడదు?

చెరువు ఎవరిది?

చెరువు మాట వస్తే మనం మర్చిపోలేని చరిత్ర ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ గారు మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగారు. అందరి చెరువు మాదీ అని చెప్పడానికి అంత పోరాటం కావలసివచ్చింది. మన రాష్ట్రంలో 1985 కారంచేడు మారణకాండకు ముందు జరిగిన గొడవ కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. తాగే నీళ్ళని పాడుచెయ్యొద్దని ఒక దళిత మహిళ అడగడమే అక్కడ నేరమైంది. కాబట్టి చెరువు నీళ్ళ శుభ్రత గురించి మాట్లాడడం మనకి కొత్తగా వచ్చిన పర్యావరణ సరదా కాదు. మన పెద్దలు ఆ మాట ఎప్పుడో అన్నారు, దానికి మూల్యం కూడా చెల్లించారు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. చాలా ఊళ్ళలో మనవాళ్ళకి ఇళ్ళస్థలాలు ఇచ్చింది చెరువు పోరంబోకులోనే. మెరక పొలాలు ఒకరికి, చెరువు గర్భాలు మనకి. వానాకాలం మోకాలి లోతు నీళ్ళలో అన్నం వండుకునేది ఆ పేటలవాళ్ళే. అందుకని చెరువుని కాపాడాలి అన్నమాట ఎక్కడైనా వినబడితే, మన ఇళ్ళు తీసేస్తారేమో అని మన అమ్మలు భయపడతారు. ఆ భయంలో న్యాయం ఉంది. చెరువు కబ్జాల మీద సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోను, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోను గట్టి తీర్పులు ఇచ్చింది. రెండో తీర్పులో, భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వమే పట్టా ఇచ్చినచోట్ల మినహాయింపు ఉండవచ్చని కూడా చెప్పింది. ఈ ముక్క మన పేటల్లో చదివి వినిపించాలి. చెరువుని మింగినవాడు వేరు, చెరువులోకి నెట్టబడినవాడు వేరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టే పర్యావరణం మనకి అక్కర్లేదు.

చట్టంలో మనకొక తలుపు తెరిచే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో మూడోవంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని 2004 నిబంధనల్లోనే రాశారు. ఆ కమిటీ ఊళ్ళో ఉన్న మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన విషయాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచెయ్యాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి లోపల పూర్తిచెయ్యమని గడువు పెడితే దేశమంతా హడావిడిగా రిజిస్టర్లు రాశారు. హడావిడిగా రాసింది ఎలా ఉంటుందో, పరీక్ష ముందురోజు రికార్డు పుస్తకం రాసే మనకి తెలియంది కాదు. మీ ఊరి రిజిస్టరు పంచాయతీ ఆఫీసులో అడిగి చూడండి. అందులో చెరువు పేజీలో ఏముందో, మీ తాతని అడిగితే ఏం చెబుతాడో పోల్చి చూడండి.

మేము కోరేది

మా కోరికలు పెద్దవేమీ కావు.

తణుకు చుట్టుపక్కల ఓ పది ఊరచెరువులు ఎంచుకోవాలి. సంవత్సరానికి రెండుసార్లు నీళ్ళు తియ్యాలి. కాలువలు కట్టేసి చెరువు నిలకడగా ఉన్నప్పుడు ఒకసారి, తొలకరి పడి కప్పలు అరిచే రోజుల్లో ఒకసారి. నీళ్ళు తీసే పని హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి, కాలేజీ హాస్టల్ పిల్లలకి నేర్పాలి. ఇంగ్లండ్‌లో మామూలు జనం చేసిన పని మనం చెయ్యలేమా?

పరీక్ష ఖర్చు ప్రభుత్వం గానీ విశ్వవిద్యాలయం గానీ పెట్టుకోవాలి. మొదట్లోనే అన్ని జీవులూ చదివించే ఖరీదైన పరీక్ష అవసరం లేదు. మార్పు, బోదురు కప్ప, మెత్తటి డిప్ప తాబేలు, ఈ మూడింటి కోసం విడివిడిగా చేసే పరీక్షలతో మొదలుపెట్టవచ్చు. రొయ్యల ల్యాబుల్లో యంత్రాలున్నాయి. ఐతే అక్కడ రోజూ రొయ్యల డీఎన్ఏ తిరుగుతూ ఉంటుంది కాబట్టి నమూనాలు కలవకుండా వేరే గది, వేరే పనిముట్లు ఉండాలి. రాజమండ్రి నన్నయ విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు సీసీఎంబీ వారి సలహాతో పూనుకుంటే ఇది అయ్యే పనే. మన నాటు చేపల వరసలు జాబితాలో చేర్చే పని ఒక్కొక్క పీజీ విద్యార్థికి ఒక్కొక్క ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు.

చేపలు పట్టే కుటుంబాల వాళ్ళని, పేటలో పెద్దవాళ్ళని ముందు కూర్చోబెట్టి వాళ్ళు చెప్పింది రాసుకోవాలి. తర్వాత పరీక్ష ఫలితం పక్కన పెట్టాలి. రెండూ కలిస్తే మంచిది. కలవకపోతే పరీక్షదే నిజమని అనుకోకుండా మళ్ళీ నీళ్ళు తియ్యాలి. రోజుకూలీకి వచ్చే మనిషి మన కోసం ఒక పూట కూర్చుంటే ఆ పూట కూలి ఇవ్వాలి. ఫలితం గ్రామసభలో తెలుగులో చదవాలి, రిజిస్టరులో ఎక్కించాలి. తాబేలు ఏ చెరువులో ఉందన్నది మాత్రం బయట చాటింపు వెయ్యకూడదు. అది వేటగాడికి చిరునామా ఇచ్చినట్టవుతుంది.

తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. పీజీలో చేరినప్పుడు ల్యాబులో పరికరాల పేర్లు మాకు కొత్త. చేపల లాటిన్ పేర్లు నోరు తిరిగేవి కావు. ఐతే పళ్ళెంలో చేప పెట్టి ఇదేమిటి అంటే, అది మట్టగిడసా కొర్రమేనా అన్నది పుస్తకం తియ్యకుండా చెప్పింది మా హాస్టల్ బ్యాచివాళ్ళే. అప్పుడు మాకు అర్థమయింది. మన ఇళ్ళల్లో ఉన్నది చదువు లేకపోవడం కాదు, రాసిపెట్టని చదువు. దాన్ని రాసే అవకాశం మన తరానికి వచ్చింది.

ఒక్క జాగ్రత్త. సైన్సు ప్రాజెక్టుల్లో మనవాళ్ళని నీళ్ళు మోయడానికి, బురదలో దిగడానికి పిలిచి, పేరు రాసేచోట మర్చిపోవడం జరుగుతూ ఉంటుంది. అటువంటి పనికి మేము మిమ్మల్ని పంపడం లేదు. సీసా నింపిన చెయ్యే గ్రాఫు కూడా గియ్యాలి, రిపోర్టు మీద పేరు కూడా ఉండాలి. దానికి లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు కావాలి. బయాలజీ అంటే బొమ్మలు వెయ్యడమే అనుకునే రోజులు పోయాయి. ఇంటర్‌లో చేరేవాళ్ళు ఇది ఆలోచించుకోండి. రొయ్యల ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం నుంచి పరిశోధన దాకా ఈ దారిలో ఉన్నాయి. మన జిల్లాలోనే ఉన్నాయి.

పూర్వ విద్యార్థులైన అన్నలకి, అక్కలకి ఒక విన్నపం. మీలో టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు, మత్స్యశాఖలో పనిచేసేవాళ్ళు ఉన్నారు. మీ ఊరి జీవవైవిధ్య కమిటీలో ఎవరున్నారో ముందు కనుక్కోండి. 18 శాతం కాగితం మీదే ఉందో, కుర్చీలో కూర్చుందో చూడండి. ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ వివరం మాకు చెప్పండి. పది చెరువుల పేర్లు రాసుకోవడానికి ఒక కొత్త నోటు పుస్తకం కొని సిద్ధంగా ఉంచాం. మొదటి పేజీలో మీ ఊరి చెరువు పేరు రాయించండి.